సోమవారం బస్తా

తమ పప్పును మన్ను పప్పు అన్నవాడి మొఖం ఎట్లుంటుందో చూద్దామని శాంత తాండూరులో రైలెక్కింది.

మామూలుగా ఆమె కొత్తవాళ్ళ ముందు నోరు తెరిచే పిల్ల కాదు. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది. పేరు పెట్టి పిలిస్తే తలుపు చాటు నుంచి "ఆఁ" అంటుంది. అటువంటి శాంత, పక్కన మేనత్త భీమమ్మను, కాళ్ళ దగ్గర పప్పు బస్తాను పెట్టుకొని, కిటికీలోంచి కంది చేలు చూస్తూ దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంది. "కండ్లు ఏడ పెట్టుకొని చూసిన్రు?" అని మొదలుపెట్టాలి. తర్వాత ఇంకా గట్టిది ఒకటి అనాలి.

శాంత తండ్రి కిష్టప్పది పప్పు కొట్టం. రైతుల దగ్గర కందులు కొని, నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఎండలో ఆరబోసి, విసుర్రాళ్ళ మీద పప్పు చేయించి అమ్ముతాడు. తాతల నాటి పని. అందరికన్నా పాత కూలి మనిషి కొండమ్మతో పాటు వాడకట్టులోని ఆడవాళ్ళు ఎందరో ఆ రాళ్ళ దగ్గరే పిల్లలను సాకారు. ఒకప్పుడు వికారాబాదు దుకాణాలన్నిటిలో కిష్టప్ప పప్పే ఉండేది. ఈ మధ్య ఒక్కొక్కరే పట్నం మిల్లు పప్పుకు తిరిగారు. ఆఖరికి మిగిలింది నర్సింహులు సేటు కిరాణం. మొన్న అక్కడి నుంచి కూడా బస్తా వాపసు వచ్చింది. "మన్ను పప్పు మాకొద్దు" అన్నాడట సేటు కొడుకు.

ఆ రోజు కిష్టప్ప అన్నం ముందు కూర్చొని చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

"ఉగాది దాకా చూస్త," అన్నాడు చివరికి. "పక్కాగ తీసుకునేటోళ్ళు దొరకకుంటే కొట్టానికి తాళమేసి పట్నం పోదం. మిల్లుల జమేదారు పని ఇస్తమంటున్నరు."

శాంత ముద్ద కంచంలోనే వదిలి లేచింది. తెల్లవారి అత్తను లేపి, బస్తా కట్టించి బయలుదేరింది.

నర్సింహులు సేటు దుకాణం వికారాబాదు స్టేషనుకు దగ్గరే. శాంత మనసులో సేటు కొడుకంటే బొర్ర మీసాలు, బాన పొట్ట, పాన్ నమిలే నోరు. త్రాసు దగ్గర మాత్రం తెల్లటి టెర్లిన్ చొక్కా వేసుకున్న సన్నటి కుర్రవాడు బెల్లం తూస్తున్నాడు. త్రాసు ముల్లు నిలబడే దాకా ఊపిరి బిగబట్టి, అది నిలబడ్డాక ఇంకో చిన్న బెల్లం ముక్క వేసి, ఎదురుగా ఉన్న ముసలమ్మను చూసి నవ్వాడు.

తర్వాత శాంత వైపు తిరిగాడు. "ఏం గావాలె?"

దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కసారే వెళ్ళిపోయాయి.

"మీ మొఖం చూద్దామని వచ్చిన," అంది శాంత.

భీమమ్మ నెత్తి కొట్టుకుంది. కుర్రవాడు చెంపలు తడుముకున్నాడు, ఏమైనా అంటుకుందేమోనని.

"చూసినవు గద," అన్నాడు మెల్లగా. "ఎట్లుంది?"

శాంత మొఖం కందిపోయింది. ఇక భీమమ్మే ముందుకొచ్చింది. "మేము తాండూరు కిష్టప్ప ఇంటోళ్ళం. మన్ను పప్పు అన్నదెవరు?"

"నేనే అన్న." అతను దాక్కోలేదు. గిన్నెలో దోసెడు పప్పు పోసి, నీళ్ళు పోసి, కలిపి వాళ్ళ ముందు పెట్టాడు. నీళ్ళు కొంచెం ఎర్రబడ్డాయి. "గిదేంది మరి?"

"మన్ను," అంది శాంత.

"ఒప్పుకున్నవు గద."

కోపం రాగానే శాంత గొంతు తిరిగి వచ్చింది. "ఒప్పుకోక? మన్ను పట్టియ్యకుంటే పొట్టు ఊడదు, పురుగు పడ్తది. ఒక్క కడుగుకు పోతది. మీ ఇంట్ల పప్పు కడగకుండనే పొయ్యి మీద పెడ్తరా?"

లోపలి గుమ్మం దగ్గర ఎవరో ఫక్కున నవ్వారు. సేటు భార్య ఇంద్రమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "గట్టిగడుగు బిడ్డా. మా మహేందర్ పట్నంల హెచ్.ఎస్.సి. చదివిండు గని, ఎసరు ఎట్ల పెడ్తరో తెల్వదు. ఇటు తే ఆ బస్తా. రెండు పప్పులు రెండు గిన్నెలల్ల పెడ్త. తిని మాట్లాడుకుందం."

పప్పు ఉడికే దాకా శాంత ఉప్పు బస్తా పక్కన నిలబడింది. మహేందర్ గిరాకీలకు సామాను కట్టాడు. అతను చూసినప్పుడు ఆమె డబ్బాల వైపు చూసింది. ఆమె చూసినప్పుడు అతను ఒక గిరాకికి చింతపండుకు బదులు కుంకుడుకాయలు కట్టాడు.

మధ్యాహ్నం నర్సింహులు సేటు వచ్చి పీట మీద కూర్చున్నాడు. రెండు గిన్నెల్లోంచీ వేసుకొని తిన్నాడు. మారు అడిగింది మాత్రం తాండూరు పప్పే.

శాంత కళ్ళు మెరిశాయి. మహేందర్ చెవి గోక్కున్నాడు.

"పప్పు సంగతి నాకు తెల్వదా బిడ్డా," అన్నాడు సేటు చెయ్యి కడుక్కుంటూ. "మా పోరడు తొందరపడి మన్ను అన్నడు, తప్పే. గని కిష్టప్ప పప్పుల వంక లేదు, వంకంత కిష్టప్పలనే ఉంది. దసరాకు పంపిస్తనన్న బస్తా దీపావళికి పంపిండు. గిరాకి వచ్చి పప్పడిగితే, తాండూరుల ఎండ రాలేదమ్మా అని చెప్పాల్నా? పట్నం మిల్లోడు చెప్పిన రోజు పంపిస్తడు. నాకు గది గావాలె."

అది అబద్ధం కాదు. ఎవరైనా అడిగితే తప్ప కిష్టప్ప కందులు నానబెట్టడు. నానబెట్టాక మబ్బు పడితే అంతే సంగతి.  శాంత తనకే కొత్తగా వినిపించిన గొంతుతో అంది.

"ఇంకనుంచి సోమవారం సోమవారం బస్తా వస్తది."

"గ్యారంటీ?" అన్నాడు మహేందర్.

"గ్యారంటీ."

"ఒక్క సోమవారం తప్పిందనుకో?"

"తప్పితే మీరు పట్నం పప్పే అమ్ముకోండ్రి. మేము గూడ పట్నమే పోతం. ఉగాదికి కొట్టం మూసుడే."

మహేందర్ నవ్వు ఆగిపోయింది. తండ్రి వైపు చూశాడు. సేటు తువ్వాలు భుజాన వేసుకొని, "సరే. ఉగాది దాకా చూస్త," అన్నాడు.

సాయంత్రం రైలుకు మహేందర్ కూడా స్టేషనుకు వచ్చాడు. పట్నం నుంచి వచ్చిన బస్తాలు దింపుకోవాలట. ప్లాట్‌ఫారం మీద ఒక పక్క చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన కందుల బస్తాలు పట్నం పోవడానికి ఉన్నాయి. ఇంకో పక్క పట్నం నుంచి వచ్చిన పప్పు బస్తాలు, మీద నీలిరంగు ముద్రలతో.

శాంత రెండింటినీ మార్చి మార్చి చూసింది. "అత్తా, ఇవి మన కందులే. పట్నం పోయి, ముద్రేసుకొని, ఎక్కువ ధరకు మళ్ళ ఇక్కడికే వస్తున్నయి."

"చుట్టాలింటికి పోయి కొత్త చీర కట్టుకొని వచ్చినట్టు," అంది భీమమ్మ.

"చీర పైసలు ఎవరిస్తున్నరు?" అంది శాంత.

మహేందర్ వినలేదన్నట్టే ఉన్నాడు. రైలు కదిలాక మాత్రం ఆ బస్తాల మధ్య నిలబడి, ఎవరో లెక్క తప్పు చెప్పినట్టు వాటినే చూస్తున్నాడు.

ఇంట్లో కిష్టప్ప అంతా విని మీసం దువ్వుకున్నాడు. "నన్ను అడుగకుండనే మాటిచ్చి వచ్చినవా?"

"మీరిచ్చిన మాటలు తప్పినయి గద నాయినా. ఈసారి నేనిచ్చి చూస్త."

భీమమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిష్టప్ప మొదట ముడుచుకున్నాడు, తర్వాత ఉండబట్టలేక నవ్వాడు. "తలుపు వెనకకెళ్ళి గింత మాట ఎట్ల బయటికొచ్చిందే?"

ఆ వారం నుంచి కొట్టం నడక మారింది. ఎవరైనా అడిగే దాకా ఆగడం లేదు. ఒక కుప్ప నానుతుంటే ఒకటి ఎండుతుంది, ఇంకొకటి రాళ్ళ కింద పప్పవుతుంది. చెరిగిన పప్పును మెత్తటి బట్టతో తుడిచి గాని సంచిలో పోయనివ్వడం లేదు శాంత. కొండమ్మ మొదట గొణిగింది. "పసిపిల్లకు గూడ గింత తుడువలే నేను." కాని వారం వారం కూలి చేతికి రావడం మొదలయ్యాక పాటలు ఎత్తుకుంది.

సోమవారం బస్తా సోమవారమే పోయింది. మళ్ళీ సోమవారం మళ్ళీ పోయింది.

గురువారం మహేందర్ వచ్చాడు. చేతిలో మడత పెట్టిన ఖాళీ గోనెసంచి.

"సంచి వాపసు ఇద్దామని," అన్నాడు.

భీమమ్మ అతన్ని, సంచిని, మళ్ళీ అతన్ని చూసింది. "ఒక్క గోనెసంచి ఇయ్యనీకి టికెట్ కొనుక్కొని రైలెక్కి వచ్చినవా కొడుకా?"

"మంచి సంచి," అన్నాడు మహేందర్.

వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళంతా చేటలు మొఖాలకు అడ్డం పెట్టుకున్నారు. మహేందర్ తొందరగా కిష్టప్ప వైపు తిరిగాడు. "పప్పు మస్తుగ పోతుంది కాకా. ఇంక ఎక్కువ కావాలె."

కాకా.

శాంత చేతిలో జల్లెడ ఆగింది. తన తండ్రి అతనికి కాక అయితే తను ఏమవుతుంది? చెల్లెలు. ఎందుకో ఆ మాట నచ్చలేదు. చెల్లెలంటే నచ్చకపోవడానికి ఏముందని తనను తాను తిట్టుకొని గట్టిగా జల్లించబోతే పప్పంతా వాకిట్లో పడింది.

భీమమ్మ కళ్ళకు అన్నీ కనబడతాయి. ఆమె వికారాబాదులో రైలు దిగిన రోజునే మహేందర్ వాళ్ళ ఇంటి పేరు, గోత్రం, మేనరికాల సంగతి వాకబు చేసి పెట్టుకుంది. "కాక అంటవేంది కొడుకా," అంది తాపీగా. "వరస చెడుతది. మామ అను."

మహేందర్ చెవులు ఎర్రబడ్డాయి. "మామా," అన్నాడు కిష్టప్పతో.

కిష్టప్పకు ఏమీ అర్థం కాలేదు. "ఏ వరసైతేంది, ఎక్కువ కావాలంటే కందులు ఏడున్నయి?"

"నేను తెప్పిస్త," అన్నాడు మహేందర్, అసలు మాట దొరికినందుకు ఊపిరి పీల్చుకుంటూ. "మోమిన్‌పేట హన్మయ్య అని మా దుకాణానికి వస్తడు. ప్రతి ఏడు పట్నం దళారికి అమ్మి, పైసల కోసం తిరిగి తిరిగి పరేషాన్ అయితడు. నేనడిగితే మీకిస్తడు."

అట్లా గోనెసంచి పప్పుతో వికారాబాదు పోయి, కందులతో తాండూరు రావడం మొదలైంది. దాని వెంట మహేందర్. వచ్చిన ప్రతిసారీ శాంత తలుపు చాటుకు పోయేది. కాని ప్రతిసారీ తలుపు కొంచెం కొంచెం ఎక్కువ తెరిచి ఉండేది.

"మీ ఇంటి తలుపు మాట్లాడుతదా?" అని అడిగాడు ఒకసారి.

"తలుపును తక్కువ చేయొద్దు," అంది లోపలి నుంచి శాంత. "గ్యారంటీ ఇచ్చిన తలుపు."

ఉగాదికి ఇంకా కొన్ని రోజులుందనగా వాన వచ్చింది.

కాలం కాని వాన. పొద్దున మబ్బు లేదు. మధ్యాహ్నం మహేందర్ కందుల సంచి దింపి నీళ్ళు తాగుతుంటే, వాకిట్లో పరిచిన సాపల మీద టప్పున ఒక చినుకు పడింది. దాని వెనక ఇంకొకటి. సాపల నిండా ఎర్రమన్ను పట్టించిన కందులు, వచ్చే సోమవారం బస్తాకు కావలసినవి.

శాంత తలుపు చాటు నుంచి దూసుకొచ్చింది. సిగ్గూ గిగ్గూ ఎక్కడ పోయాయో. "గా కొస పట్టు. గట్ల కాదు, మడత పెట్టు. లాగు. మొద్దులెక్క నిలబడ్డవేంది, లాగు."

మహేందర్ లాగాడు. సాప జారింది. అతను కందుల మీద పడ్డాడు. లేచి మళ్ళీ పట్టుకున్నాడు. కొండమ్మ, భీమమ్మ, అందరూ తలా ఒక కొస పట్టారు. వాన మాత్రం ఎవరి మాటా వినలేదు. అన్ని సాపలూ చూరు కిందికి చేరేసరికి సగానికి పైగా కందులు తడిసిపోయాయి.

చూరు కింద నిలబడి శాంత అతన్ని చూసింది. తెల్ల టెర్లిన్ చొక్కా నిండా ఎర్రమన్ను. జుట్టులో రెండు కందిగింజలు. ముక్కు మీద నుంచి ఎర్ర నీళ్ళు కారుతున్నాయి.

"ఒక్క కడుగుకు పోతది," అన్నాడు మహేందర్.

కొండమ్మ పడీ పడీ నవ్వింది. శాంత కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయింది. "ఇంతసేపు మిమ్మల్ని నువ్వు నువ్వు అన్న."

"మొద్దు అని గూడ అన్నవు," అన్నాడతను. "నువ్వు అనుడు బాగుంది. మొద్దు సంగతి తర్వాత చూసుకుందం."

వాన సన్నబడింది. కిష్టప్ప తడి కందులు దోసిట్లోకి తీసుకొని మళ్ళీ పోశాడు. "సోమవారానికి అయ్యేటట్టు లేదు బిడ్డా."

"నేను బాపుకు చెప్త," అన్నాడు మహేందర్. "వాన వచ్చింది, నా కండ్లతోని చూసిన అని."

"వద్దు," అంది శాంత. "వాన ఎప్పుడైన వస్తది. ఈసారి వాన, ఇంకోసారి ఇంకొకటి. మాటిచ్చింది నేను."

కాని ఎట్లా? వాకిలి బురద. ఎండ వచ్చినా నేల ఆరడానికే రోజులు పడతాయి. శాంత వీధి చివరికి చూసింది. అక్కడ ఈరయ్య నాపబండల కొట్టు. గనుల నుంచి తెచ్చిన బండలు నున్నగా చేసి, లారీలకెత్తే దాకా వరసగా పరిచి ఉంచుతాడు. ఎండకాలం ఆ బండల మీద కాలు పెట్టడం ఎవరి తరమూ కాదు.

మరునాడు ఎండ కాసింది. శాంత ఈరయ్య దగ్గరికి పోయి అడిగింది. అడగడానికి ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"మీ బండల మీద మా కందులు ఆరబోసుకుంటం కాకా. మరకలు పడితే కడిగిస్తం."

ఈరయ్య బీడీ పక్కన పెట్టాడు. "ఆరబొయ్యి బిడ్డా. ఇవ్వాళ లారీ రాదు."

"మీకు నష్టం కాదా?" అన్నాడు పక్కనే ఉన్న మహేందర్. రాత్రి తాండూరులోనే వాళ్ళ చుట్టాలింట్లో ఉండి పొద్దున్నే వచ్చాడు, ఒంటి మీద ఎవరిదో పొట్టి చొక్కాతో.

"నష్టమెట్ల?" అన్నాడు ఈరయ్య. "నా కాడ బండలు మోసేటోళ్ళ పెండ్లాలే గా కొట్టంల పప్పు విసురుతరు. గా కొట్టం మూస్తే వాళ్ళు ఇల్లు పిల్లలతోని పట్నం పోతరు. అప్పుడు నా బండలు ఎవరు మోస్తరు, నువ్వా?"

మహేందర్ తన భుజాలు చూసుకొని, "కాదు," అన్నాడు నిజాయితీగా.

బండలు వేడెక్కాయి. కందులు వాటి మీద పలచగా పరుచుకొని సన్నగా ఆవిరి వదిలాయి. తడి మట్టి వాసన, కంది వాసన కలిసి వీధి నిండా నిండాయి. ఆ వరస నుంచి ఒకరు, ఈ వరస నుంచి ఒకరు కందులను కాలితో తిరగేస్తూ శాంత, మహేందర్ మధ్యలో ఎదురుపడ్డారు.

"ఉగాదికి మీరు పట్నం పోతే," అన్నాడు మహేందర్ కందులనే చూస్తూ, "ఈ సంచి నేనెవరికియ్యాలె?"

"సంచి ఫికరేనా?"

"సంచి ఫికర్ కాదు."

శాంత కాళ్ళ కింద బండ కాలుతోంది. అయినా కదలలేదు.

"పట్నంల నాలుగేండ్లు చదివిన," అన్నాడతను. "ఏ దుకాణంల చూసినా అన్నీ దొరుకుతయి. గక్కడ నాకేం లోటనిపించలే. ఇప్పుడు సోమవారం బస్తా విప్పినప్పుడల్ల, ఇది ఎవరు తుడిచిన్రో తెలుసు అనుకుంట. పట్నం పప్పు తూస్తే గట్లనిపించదు. నాకు నువ్వంటే ఇష్టం శాంతా. కొట్టం ఉన్నా, మూసినా ఇష్టమే. గని మూయొద్దు. మూయనియ్య."

 శాంత తల ఎత్తకుండానే అంది. "జర పక్కకు జరుగు. నీ నీడ కందుల మీద పడుతుంది."

అతను జరిగాడు. ఆమె పెదవి చివర నవ్వు చూసి, జరిగినవాడు ఇంకో రెండు వరసల కందులు ఎగురుకుంటూ తిరగేశాడు.

సోమవారం బస్తా సోమవారమే వికారాబాదులో దిగింది. ఈసారి దానితో శాంత, భీమమ్మ కూడా దిగారు. దుకాణంలో సేటు, పక్క దుకాణం వెంకటయ్యతో మాట్లాడుతున్నాడు. మోమిన్‌పేట హన్మయ్య అరుగు మీద కూర్చొని సామాను కట్టించుకుంటున్నాడు.

"తాండూరుల వాన పడిందంట గద," అన్నాడు సేటు.

"పడింది," అంది శాంత. "బస్తా వచ్చింది."

సేటు విప్పి పప్పు పట్టి చూశాడు. పక్కనున్న పట్నం బస్తాను కాలితో కొంచెం వెనక్కి నెట్టాడు.

"బాపూ, ఒక సంగతి చెప్త, వెంకటయ్య మామా, నువ్వు గూడ విను," అన్నాడు మహేందర్. "పోయినేడు హన్మయ్య కాక కందులు ఎవరికి అమ్మిండు?"

"పట్నం దళారికి," అన్నాడు హన్మయ్య. "పైసలకు పట్నం రమ్మన్నడు. పోయిన. గక్కడనే బట్టలు, సామాను కొనుక్కొని వచ్చిన."

"ఈ ఏడు?"

"కిష్టప్పకు ఇచ్చిన. పైసలు నువ్వే ఇస్తివి గద, వాళ్ళ పప్పు పైసలలకెళ్ళి."

"గా పైసలు ఇప్పుడు ఏడున్నయి?"

హన్మయ్య కట్టి పెట్టిన ఉప్పు, బెల్లం, కిరసనాయిలు డబ్బా చూపించాడు. "మీ నాయిన గల్లాల."

 సేటు గల్లా పెట్టె వైపు చూశాడు. వెంకటయ్య సేటు వైపు చూశాడు, కొంచెం ఈర్ష్యగానే.

"పట్నం మిల్లోడు మన దగ్గర ఎన్నడన్న ఉప్పు కొన్నడా బాపూ?" అన్నాడు మహేందర్. "వానికి ఇచ్చిన పైస రైలెక్కి పోయిందంటే పాయె. ఇక్కడోళ్ళకు ఇస్తే మళ్ళ మన గడప తొక్కుతది."

"మా కొట్టం ఆడోళ్ళు గూడ కూలి పట్టుకొని సంతకే పోతరు," అంది శాంత. అంతమంది మొగవాళ్ళ మధ్య మాట్లాడుతున్నానని ఆమెకు సగంలో గుర్తొచ్చింది. ఆగలేదు. "కొండమ్మ పోయిన వారం పిల్లకు లంగా గుడ్డ కొన్నది. కొట్టం లేకుంటే గా బట్టల దుకాణానికి గూడ ఒక గిరాకి తక్కువ."

వెంకటయ్య ముక్కు గీరుకున్నాడు. "సోమవారం బస్తా రెండు తేవచ్చునా బిడ్డా? ఒకటి నాకు."

లోపల ఇంద్రమ్మ ఇదంతా విని, బయటికి వచ్చి శాంత చేతిలో బెల్లం ముక్క పెట్టి, భీమమ్మను ఒక పక్కకు తీసుకుపోయింది. ఇద్దరూ చాలాసేపు గుసగుసలాడారు. ఏం మాట్లాడారో రైల్లో ఎంత అడిగినా అత్త చెప్పలేదు. "టికెట్ ఏడ పెట్టినవే?" అంది.

ఉగాది నాడు పచ్చడి తాగే వేళకు పట్నం మిల్లు గుమస్తా కిష్టప్ప ఇంటికి వచ్చాడు, జవాబు కోసం. కిష్టప్ప అతనికి లోటాలో పచ్చడి ఇచ్చి ఇంకా గొంతు సవరించుకుంటుండగానే వాకిట్లో సందడి అయింది. సేటు, ఇంద్రమ్మ, వెంకటయ్య, వాళ్ళ వెనక కొత్త చొక్కా వేసుకున్న మహేందర్.

"నాకు పక్కాగ వారానికొక బస్తా," అన్నాడు వెంకటయ్య కూర్చోకముందే. "మా వరసల ఇంక రెండు దుకాణాలోళ్ళు అడగమన్నరు."

కిష్టప్ప గుమస్తా వైపు తిరిగాడు. మొఖంలో కొత్త వెలుగు. "నేను రాలేనయ్యా. నా కొట్టానికే మనుషులు సరిపోయేటట్టు లేరు."

గుమస్తా మంచివాడే. పచ్చడి పూర్తిగా తాగి, బాగుందని చెప్పి వెళ్ళాడు.

అప్పుడు ఇంద్రమ్మ తలుపు వైపు చూస్తూ అంది. "మేము పప్పు కోసం రాలే కిష్టప్పా. పిల్లనడగనీకి వచ్చినం. నీ చెల్లె అన్నీ చెప్పింది. ఇంక పిల్ల నోటితోని వినాలె."

అందరూ తలుపునే చూశారు. తలుపు కదిలింది. శాంత బయటికి వచ్చి, అందరి ముందర, అత్త పక్కన నిలబడింది.

"నాకు ఇష్టమే," అంది. గొంతు సన్నగా ఉన్నా తడబడలేదు. "గని సోమవారం బస్తా నా మాట. పెండ్లయినంక గూడ తప్పొద్దు."

కిష్టప్ప కళ్ళు తుడుచుకున్నాడు. సేటు ఆలోచించాడు. ఆయన ఏ సంగతినైనా త్రాసులో పెట్టినట్టే ఆలోచిస్తాడు. "మా దుకాణం వెనుక జాగ ఉంది. గక్కడ గూడ ఒక కొట్టం పెడితే? మోమిన్‌పేట కందులు గక్కడ, మీ వైపు కందులు ఇక్కడ. మా వాడకట్టుల గూడ పని కోసం చూసే ఆడోళ్ళున్నరు. నాకు కట్నం గిట్నం వద్దు కిష్టప్పా. నీ విసుర్రాళ్ళల్ల మంచిది ఒకటి ఇయ్యి."

"పిల్లనిస్త," అన్నాడు కిష్టప్ప. "రాయి మాత్రం ఇయ్య. అవి మా కొండమ్మోళ్ళ చేతులకు అలవాటైనవి."

"మరి రాయి ఏడ తేవాలె?" అన్నాడు సేటు. "పట్నంల చూడాల్నా?"

వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారే ఆయన వైపు తిరిగారు. కొండమ్మ చేట కింద పెట్టింది. ఇంద్రమ్మ భర్త మోచేతిని గిల్లింది. సేటు తువ్వాలుతో మొఖం తుడుచుకున్నాడు.

"ఊకె అన్న," అన్నాడు.

"ఈరయ్య కాకకు రాళ్ళు కొట్టేటోళ్ళు తెలుసు," అంది శాంత. "చెప్తే కొట్టిస్తడు."

"అయితే పోయి చెప్పి రాండ్రి, ఇద్దరు," అంది భీమమ్మ, మహేందర్‌ను శాంత వైపు చూపుతోనే తోస్తూ. వాళ్ళు గడప దాటాక వెనక నుంచి మళ్ళీ కేకేసింది. "తొందరేం లేదు."